ధమ్మ దూతల్ని పంపిన రాజు: అశోకుని జీవితం

ఉపాసక ఉపాసికలారా, మీ జేబులో ఉన్న రూపాయి బిళ్ళ తీసి చూడండి. దాని మీద సింహాలు ఉంటాయి. మన జెండా మధ్యలో 24 ఆకుల చక్రం ఉంటుంది. ఆ రెండూ సారనాథ్‌లోని అశోకుని స్తంభం నుంచి వచ్చినవే. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న రోజును మనం అశోక విజయదశమి అని పిలుచుకుంటున్నాం. ఇంత దగ్గరి మనిషి గురించి మన పిల్లల్ని అడిగితే, చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు అని బడిలో నేర్చుకున్న రెండు ముక్కలు చెప్పి నవ్వేస్తారు. మనమూ నవ్వేస్తాం.

ఆ రెండు ముక్కలూ నిజమే. కానీ ఆ చెట్లు, ఆ మందు మొక్కలు మగధలో ఆగిపోలేదు. తన దేశం దాటి గ్రీకు రాజుల సీమల్లో కూడా ఈ ఏర్పాట్లు చేయించానని ఆయన రాళ్ళ మీద చెక్కించాడు. దేశానికీ దేశానికీ మధ్య సంబంధం అంటే సైన్యమూ కప్పమూ మాత్రమే అనుకునే కాలంలో వైద్యాన్నీ మొక్కల్నీ దూతల్నీ పంపడం చిన్న సంగతి కాదు. ఆ మార్పు మొదలైంది ఎక్కడో కాదు, మన కళింగలో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళం ఆయన కథను మన ఇంటి కథలా చదువుకోవాల్సింది అందుకే.

తాత, తండ్రి, కొడుకు

అశోకుని తాత చంద్రగుప్త మౌర్యుడు. అలెగ్జాండర్ చనిపోయాక అతని సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ పశ్చిమాసియాను ఏలుతూ సింధు నది దాకా వచ్చాడు. చంద్రగుప్తుడికీ అతనికీ చివరికి సంధి కుదిరింది. ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని కొన్ని ప్రాంతాలు చంద్రగుప్తుడికి వచ్చాయి, సెల్యూకస్‌కి 500 ఏనుగులు వెళ్ళాయి. తర్వాత మెగస్తనీస్ అనే గ్రీకు దూత పాటలీపుత్రానికి వచ్చి ఇక్కడి సంగతులు రాసుకున్నాడు.

అశోకుని తండ్రి బిందుసారుడు కూడా ఆ స్నేహం నిలుపుకున్నాడు. గ్రీకు రచయితలు ఒక ముచ్చట చెబుతారు. బిందుసారుడు సిరియా రాజుకి కబురు పంపి తియ్యని ద్రాక్షసారా, ఎండు అత్తిపళ్ళు, ఒక తత్వవేత్త కావాలని అడిగాడట. పళ్ళూ సారా పంపుతాం గానీ తత్వవేత్తల్ని అమ్మడం మా దగ్గర చెల్లదని అవతలి రాజు జవాబిచ్చాడట. జ్ఞానాన్ని సరుకుతో పాటు బేరం పెట్టిన తండ్రికి పుట్టిన కొడుకు, తర్వాత అదే దారిలో జ్ఞానాన్ని ధర లేకుండా పంపాడు.

అశోకుడు క్రీ.పూ. 268 ప్రాంతంలో రాజయ్యాడు. 99 మంది అన్నదమ్ముల్ని చంపి గద్దె ఎక్కాడని సింహళ గ్రంథాలు చెబుతాయి. కానీ ఆయన శాసనాల్లోనే తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళ బాగోగులు చూడమని అధికారుల్ని నియమించిన మాట ఉంది. బౌద్ధం ఎంత గొప్పగా మార్చిందో చూపించాలని ముందటి అశోకుణ్ణి మరీ రాక్షసుడిగా చిత్రించారని చాలామంది చరిత్రకారులు అంటారు. మనం కథ కంటే రాతినే ముందు నమ్ముదాం. రాతి మీద ఉన్న నిజమే చాలినంత కఠినంగా ఉంది.

కళింగ

పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్ళకి, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడు కళింగ మీదికి వచ్చాడు. ఎందుకు వచ్చాడో శాసనం చెప్పదు. దక్షిణానికి వెళ్ళే దారీ, తూర్పు సముద్రం ఒడ్డునున్న రేవులూ మగధకి కావలసి వచ్చాయని చరిత్రకారులు అంటారు. ఆ మాట నిజమైతే, ఆ యుద్ధానికి వెనక వర్తకం కూడా ఉందన్నమాట.

లక్షమంది చచ్చిపోయారు. లక్షా యాభై వేలమందిని పట్టి తరలించుకుపోయారు. ఆ తర్వాత చనిపోయినవాళ్ళు అంతకి ఎన్నో రెట్లు. ఇవి శత్రువు వేసిన లెక్కలు కావండీ. గెలిచిన రాజు తానే చెక్కించుకున్న లెక్కలు. ఓడినవాళ్ళ చావుల్ని తన ఖాతాలో రాసుకుని, ఇది నాకు బాధగా ఉందని ఊరూరా రాళ్ళ మీద చాటిన రాజు ప్రపంచ చరిత్రలో మనకి ఇంకొకడు దొరకడం కష్టం. చచ్చిపోయినవాళ్ళతో పాటు బతికి మిగిలినవాళ్ళ దుఃఖాన్ని కూడా ఆయన లెక్కపెట్టాడు. తల్లిదండ్రుల్ని గౌరవించి, పెద్దల మాట విని, బానిసలతో పనివాళ్ళతో మంచిగా ఉండే మామూలు మనుషులు తమ బంధువుల్నీ స్నేహితుల్నీ పోగొట్టుకున్నారని ఒప్పుకున్నాడు. అలా చచ్చినవాళ్ళలో నూరో వంతు, వెయ్యో వంతు మంది ఇకపై బాధపడినా తనకి బరువే అన్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఈ పశ్చాత్తాప శాసనం కళింగ గడ్డ మీద మాత్రం లేదు. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళ్తే గంజాం జిల్లాలో రుషికుల్య దగ్గర జౌగడ వస్తుంది. భువనేశ్వర్ పక్కన ధౌలి ఉంది. ఈ రెండు చోట్లా పదమూడో శాసనం వదిలేసి, దాని బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. మన తెలుగు నేల మీద పదమూడో శాసనం చదవాలంటే కర్నూలు వైపు ఎర్రగుడి పోవాలి. తరలించుకుపోయిన లక్షా యాభై వేలమందిని వెనక్కి పంపినట్టు గానీ, కళింగను తిరిగి ఇచ్చేసినట్టు గానీ ఎక్కడా లేదు. అడవి జనాలతో దయగా ఉంటూనే, తన బలం ఇంకా తగ్గలేదని హెచ్చరించాడు కూడా. మనం ఆయన్ని ప్రేమిస్తాం కాబట్టే ఈ లోటు కూడా తెలుసుకుని ప్రేమించాలి.

మరి కళింగ వాళ్ళ కోసం చెక్కించిన ఆ రెండు శాసనాల్లో ఏముంది? మొదటిది తోసలి, సమాప పట్టణాల అధికారులకి ఇచ్చిన ఆజ్ఞ. జనం అందరూ తన బిడ్డలతో సమానం అన్నాడు. కారణం లేకుండా ఎవర్నీ జైల్లో పెట్టకూడదు, హింసించకూడదు అన్నాడు. అసూయ, కోపం, కఠినత్వం, తొందరపాటు, సోమరితనం, అలసట ఉన్న అధికారి న్యాయం చెయ్యలేడని పేరుపేరునా చెప్పాడు. అధికారులు సరిగా నడుస్తున్నారో లేదో చూడ్డానికి అయిదేళ్ళకోసారి తనిఖీ పెట్టాడు. ఆ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున అందరికీ చదివి వినిపించాలనీ, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలనీ ఆదేశించాడు. చదువురాని మనిషికి కూడా తన హక్కు చెవిన పడాలి అన్నమాట.

రెండోది సరిహద్దు అవతలి జనం గురించి. వాళ్ళు తనకి భయపడకూడదు, తన వల్ల వాళ్ళకి సుఖమే గానీ దుఃఖం రాదని నమ్మాలి అన్నాడు. పక్కవాడు భయపడాలని కాకుండా నమ్మాలని కోరుకోవడం, అదీ మన కళింగ రాతి మీద చెక్కించడం, ఆయన విదేశీ విధానానికి పునాది.

ఒక్కరోజులో మారలేదు

ఉపాసకుడైన మొదటి ఏడాది తాను గట్టిగా ప్రయత్నం చెయ్యలేదని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత సంఘానికి దగ్గరయ్యాకే గట్టిపడ్డాడు. వంటశాలలో రోజూ వేల జంతువుల్ని చంపేవాళ్ళు. దాన్ని రెండు నెమళ్ళకీ ఒక లేడికీ తగ్గించాడు. ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదు. ముందు ముందు ఈ మూడూ ఉండవన్నాడు. దీక్ష తీసుకుని ఇన్నేళ్ళయినా ఇంట్లో పాత అలవాట్లు పోవట్లేదని మనలో కొందరు కుంగిపోతుంటారు. చక్రవర్తికే ఏళ్ళు పట్టింది. ఎక్కడున్నానో నిజం చెప్పుకుని రేపటికి ఒక మెట్టు ఎక్కడమే ఆయన చేసిన పని.

జబ్బు చేస్తే, పెళ్ళయితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే చేసే తంతుల వల్ల వచ్చే ఫలం కొద్దిదేనని కూడా ఆయన చెక్కించాడు. బానిసతో, పనివాడితో మంచిగా నడుచుకోవడం, పెద్దల్ని గౌరవించడం, ప్రాణుల్ని హింసించకపోవడం, ఇదే అసలైన మంగళం అన్నాడు. మన ఇళ్ళల్లో దీని మీద మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

మూడు ఖండాలకు దూతలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కళింగ తర్వాత అశోకుడు ధమ్మ విజయమే గొప్ప విజయం అన్నాడు. ఆ విజయం తన సరిహద్దుల్లోనూ, ఆరు వందల యోజనాల అవతలా దొరికిందని చెప్పి అయిదుగురు రాజుల పేర్లు చెక్కించాడు. ఆ పేర్లు ప్రాకృతంలో అంతియోక, తురమయ, అంతికిని, మక, అలికసుందర అని ఉంటాయి.

అంతియోక అంటే రెండో ఆంటియోకస్. ఇప్పటి సిరియా, ఇరాక్ వైపు ఏలిన ఆసియా రాజు. తురమయ అంటే ఈజిప్టు రాజు రెండో టాలెమీ. మక అంటే ఇప్పటి లిబియాలో ఉన్న సిరీన్ రాజు మాగస్. ఈ ఇద్దరూ ఆఫ్రికా ఖండం వాళ్ళు. అంతికిని అంటే మాసిడోనియా రాజు ఆంటిగొనస్. అలికసుందర అంటే ఎపిరస్ రాజు అలెగ్జాండర్ అని కొందరూ, కొరింత్ అలెగ్జాండర్ అని కొందరూ అంటారు. ఎవరైనా యూరప్ వాడే. దక్షిణాన చోళులు, పాండ్యులు, తామ్రపర్ణి, అంటే శ్రీలంక, ఆయన జాబితాలో ఉన్నాయి. ఆ గ్రీకు రాజులు అయిదుగురూ ఒకేసారి బతికున్న ఏళ్ళను పట్టుకునే చరిత్రకారులు అశోకుని కాలం తేల్చారు. ఈ దూతల వరస చెక్కి ఉండకపోతే మన ప్రాచీన చరిత్రకి తేదీలు తేల్చడం ఇంకా కష్టమయ్యేది.

దూతలతో ఆయన ఏం పంపాడు? రెండో శాసనం చూస్తే తెలుస్తుంది. మనుషులకి వైద్యం, పశువులకి వైద్యం. మందు మొక్కలు, వేర్లు, పళ్ళ చెట్లు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించడం. దారుల వెంట బావులు, చెట్లు. ఇవన్నీ తన రాజ్యంలోనే కాదు, అంతియోక సీమలోనూ అతని పక్క రాజుల సీమల్లోనూ చేయించానన్నాడు. వాళ్ళని కప్పం అడిగిన మాట ఆ శాసనాల్లో ఎక్కడా లేదు.

దూత నడిచిన దారే వర్తకుడి దారి కూడా. పాటలీపుత్రం నుంచి తక్షశిల దాకా పోయే బాట మీద ఎనిమిది కోసులకి ఒక బావి, విశ్రాంతి తీసుకునే చోటు, మర్రి నీడ ఉంటే ముందు బాగుపడేది ఎవరు? ఎద్దుల బళ్ళు తోలేవాడు, మూట మోసేవాడు, కాలినడకన పోయే బీదవాడు. రాజుల పల్లకీలకి నీడతో పనేముంది? వర్తకం పెరగాలంటే దారిలో మనిషికి భయం ఉండకూడదు, దాహం ఉండకూడదు. అశోకుని చెట్లూ బావుల వెనక ఉన్న తెలివి ఇదీ.

ఇంకో తెలివి భాష. తన జనానికి సంస్కృతంలో రాయించలేదు, వాళ్ళు మాట్లాడే ప్రాకృతంలో రాయించాడు. వాయవ్యాన ఖరోష్ఠి లిపి వాడాడు. అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో 1958లో దొరికిన శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. అవతలివాడి భాషలో మాట్లాడితేనే అవతలివాడిని సమానుడిగా చూసినట్టు.

ఆ దూతల గురించి గ్రీకు పుస్తకాల్లో ఊసు కనపడదు. రెండో టాలెమీ డయనీసియస్ అనే దూతను భారతదేశానికి పంపాడని మాత్రం రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అదే టాలెమీ ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే రేవు కట్టించాడు. తర్వాతి శతాబ్దాల్లో మన దేశపు ఓడలు అక్కడికి మిరియాలు మోశాయి. ఆ బెరెనికేలో తవ్వకాలు చేసినవాళ్ళు పాలరాతి బుద్ధ విగ్రహం దొరికిందని 2023లో ప్రకటించారు. అది అశోకుని తర్వాత నాలుగు వందల ఏళ్ళ నాటిది. ఆయన దూతలు పెట్టింది కాదు. కానీ వర్తకం దారిలో ధమ్మం ఆఫ్రికా ఖండం దాకా నడిచిందనడానికి రాతి సాక్ష్యం అది.

తూర్పు సముద్రం మీద

పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్స థేరుని ఆధ్వర్యంలో మూడో సంగీతి జరిగిందనీ, అక్కడి నుంచి భిక్షువులు నలుదిక్కులకూ వెళ్ళారనీ సింహళ గ్రంథాలు చెబుతాయి. సోణ, ఉత్తర అనే థేరులు సువర్ణభూమికి వెళ్ళారు. అశోకుని కొడుకు మహిందుడు శ్రీలంక వెళ్ళాడు. కూతురు సంఘమిత్త బోధివృక్షం కొమ్మ పట్టుకుని తామ్రలిప్తిలో ఓడ ఎక్కింది. అనురాధపురంలో ఆ చెట్టు నేటికీ పూజలందుకుంటోంది. ఒక దేశానికి కానుకగా రాజు తన కన్నబిడ్డల్నే పంపడం కంటే పెద్ద దౌత్యం ఏముంది?

ఆ సముద్రం మనదే. గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ, దానికి కాస్త దూరంలో కళింగపట్నం రేవు. కొండ మీద స్తూపాలు, విహారాలు వెయ్యేళ్ళకి పైగా నడిచాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వాటిని లోకం దృష్టికి తెచ్చారు. నెల్లిమర్ల దగ్గర రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామాలు ఉన్నాయి. సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటే ఆనాటి దంతపురమనీ, అక్కడి నుంచే బుద్ధుని దంతధాతువు శ్రీలంక చేరిందనీ చెబుతారు. ఓడలు ఆగే చోట విహారాలు లేచాయి. వర్తకులు దానం ఇచ్చారు, భిక్షువులు బాటసారులకి నీడ ఇచ్చారు. రక్తం కారిన గడ్డ, ఆ తర్వాత ఖండాలు దాటే స్నేహానికి గడపయ్యింది.

చివరి రోజులు, తర్వాత

అశోకుడు క్రీ.పూ. 232 ప్రాంతంలో చనిపోయాడు. ముసలితనంలో మంత్రులు ఖజానా మూసేస్తే, చేతిలో మిగిలిన సగం ఉసిరికాయను సంఘానికి దానం చేశాడని ఒక కథ ఉంది. ఆయన తర్వాత యాభై ఏళ్ళకే మౌర్య రాజ్యం కూలింది. సేనాని పుష్యమిత్రుడు చివరి మౌర్యుణ్ణి చంపి గద్దె ఎక్కాడు. అశోకుని పేరు మన దేశంలో దాదాపు మరుగున పడిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివాకే ఆ రాళ్ళు మళ్ళీ మాట్లాడాయి. అప్పటిదాకా ఆయన్ని గుర్తు పెట్టుకున్నది శ్రీలంక. దూరదేశానికి చేసిన స్నేహమే చివరికి ఆయన పేరును కాపాడింది.

మనకేం పని?

ఇవన్నీ రాజుల సంగతులు, కూలికి పోయేవాళ్ళకి దౌత్యంతో పనేంటి అనుకోకండి. 2018 చివర్లో గుజరాత్ పడవల మీద వేటకి పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ ఏడాదంతా వాళ్ళ ఆడవాళ్ళు ఎదురుచూసింది తుపాకుల కోసం కాదు. రెండు దేశాల అధికారులు కూర్చుని మాట్లాడుకోవడం కోసం. మన ఊళ్ళ నుంచి గల్ఫ్‌కి పనికి పోయినవాళ్ళ పాస్‌పోర్టు, జీతం, ప్రాణం కూడా దేశాల మధ్య ఉన్న నమ్మకం మీదే ఆధారపడి ఉన్నాయి. స్నేహం చెడితే ముందు నలిగేది బీదవాడే.

ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో పెద్ద పోర్టు వస్తోంది. మళ్ళీ మన తీరం నుంచి ఖండాలకి సరుకు పోతుంది. మంచిదే. కానీ కళింగ మనకి నేర్పిన రెండు ప్రశ్నలు మరచిపోకూడదు. ఈ వర్తకం కోసం ఎవరు ఇల్లు కదలాల్సి వచ్చింది, వాళ్ళకి రావాల్సింది వచ్చిందా? ఈ దారిలో నీడా నీళ్ళూ సరుకుకేనా, మనిషికి కూడానా? లక్షా యాభై వేలమందిని తరలించిన రాజు తన తప్పు రాతి మీద రాసుకున్నాడు గానీ వాళ్ళని వెనక్కి తేలేదు. పశ్చాత్తాపం అక్కడ ఆగిపోకుండా చూసుకోవడం మన తరం పని.

కాబట్టి ఉపాసకులారా, ఒక చిన్న పని చేద్దాం. అశోకుడు తన శాసనాన్ని వినేవాడు ఒక్కడున్నా చదవమన్నాడు కదా. ఈ పౌర్ణమికి మీ విహారంలో గానీ, మీ పేట చావడిలో గానీ కళింగ అధికారులకి ఆయన ఇచ్చిన ఆజ్ఞల సారాన్ని పిల్లల చేత చదివించండి. కారణం లేకుండా మనిషిని జైల్లో పెట్టకూడదని ఇరవై రెండు వందల ఏళ్ళ కిందట మన గడ్డ కోసం రాసిన మాట అది. వీలైతే ఒక ఆదివారం బస్సు కట్టించుకుని జౌగడ వెళ్ళండి. ఆ రాయిని పిల్లలకి చూపించండి.

నమో బుద్ధాయ! జై భీమ్!